జలగ బిళ్ళ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక జలగ ఉండేది. బతికున్నది కాదు, గుడ్డది. ఖాకీ కంబళి ముక్క మీద నల్లదారంతో కుట్టిన బొద్దు జలగ, పొట్ట దగ్గర కాస్త ఎర్రదారం. మా తాతయ్య యుద్ధం నుంచి తెచ్చుకున్న ఆస్తి అదొక్కటే. విజిటర్‌గా న్యూజెర్సీకి వచ్చినప్పుడు గోంగూర పచ్చడి సీసాలు సూట్‌కేస్‌లో, జలగ బైబిల్లో పెట్టుకుని తెచ్చాడు.

ఎనభైల మొదటి రోజులవి. మేం ఉన్నది ఐసెలిన్‌కి దగ్గరలోనే గానీ, ఇప్పుడు మీరు చూసే చీరల కొట్లూ నగల కొట్లూ అప్పటికి లేవు. తెలుగు కుటుంబాలు నాలుగైదు ఒక బేస్‌మెంట్‌లో చేరి ఆదివారం ఆరాధన చేసుకునేవాళ్ళం. ఆ బేస్‌మెంట్ ఒక అంకుల్‌ది. నాన్న పనిచేసే కంపెనీ ఆయనదే. నాన్న గ్రీన్ కార్డ్‌కి స్పాన్సర్ కూడా ఆయనే. అంటే మేం ఈ దేశంలో ఉండాలా, మూటాముల్లే సర్దుకోవాలా అన్నది ఆయన చేతిలో ఉండేది. ఆ సంగతి ఆయనకీ బాగా తెలుసు. మా సోఫాలో కూర్చునే తీరులోనే కనబడేది.

నేను తెలుగు రాయడం నేర్చుకున్నది యాభై దాటాక. నాజూకుగా చెప్పడం నాకు చేతకాదు. ఆయనంటే నాకు అప్పుడూ రోతే, ఇప్పుడూ రోతే.

తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టినవాడు కాదు. అస్సాం నుంచి బర్మాలోకి అడవి కొట్టి రోడ్డు వేసిన పటాలంలో మనిషి. పార, గునపం, గంప, అంతే. పక్కనే అమెరికా సైన్యం వాళ్ళు బుల్‌డోజర్లు నడిపేవారు, వాళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళు. వానాకాలం ఆ అడవి నిండా జలగలే. బూట్ల కన్నాల్లోంచి దూరి, రక్తం తాగి, ద్రాక్షపండంత అయ్యేవట. పొద్దుగూకే వేళకి రెండు దేశాలవాళ్ళూ చొక్కాలు విప్పి కూర్చుని, ఒకళ్ళ వీపు మీదవి ఒకళ్ళు సిగరెట్ నిప్పుతో చుర్రుమనిపించి రాల్చేవారు. తన వీపు మీది జలగని తను తీసుకోలేడు కదా. ఈ జలగ బిళ్ళ అక్కడే పుట్టింది. బజారు దర్జీ చేత కుట్టించుకున్నారు. ఏ ప్రభుత్వమూ ఇచ్చింది కాదు. దానికి ఉన్న నియమం ఒక్కటే. ఎవరిది వాళ్ళు పెట్టుకోకూడదు. మనవాడికి అమెరికావాడు పెట్టాలి, అమెరికావాడికి మనవాడు పెట్టాలి.

ఆఫీసర్లు చూసి పీకేయమంటే కాలర్ మడత కింద దాచుకున్నారట. తనకి జలగ పెట్టిన స్నేహితుడికి తాతయ్య తన భుజం మీది పటాలం పేరు ఇత్తడి అక్షరాలు ఊడదీసి ఇచ్చాడు. అవి పోగొట్టాడని శిక్ష వేసి దొడ్లు కడిగించారు. "కడిగాను, దానికేం," అనేవాడు. ఆ స్నేహితుడు తర్వాత ఏమయ్యాడో తాతయ్యకి తెలియదు.

మే నెలాఖరున ఇక్కడ యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకుంటారు. మా టౌన్ వెటరన్స్ హాల్లో మీటింగ్, మేయర్ వస్తాడు. అంకుల్‌కి మేయర్ పక్కన నిలబడి పేపర్లో ఫొటో వేయించుకోవాలని ఉంది. అందుకు ఒక ఇండియన్ వీరుడు కావాలి. తాతయ్య దొరికాడు.

జలగని చూపిస్తే ఆయన మొహం చిట్లించాడు. "ఛీ, ఏంటండీ బాబాయిగారూ ఈ పురుగు. మన పరువు పోతుంది." మర్నాడు హైవే పక్కన పాత మిలిటరీ సామాన్లు అమ్మే కొట్టునుంచి ఒక చెప్పుల పెట్టె తెచ్చి మా భోజనాల బల్ల మీద, సాంబారు గిన్నె పక్కనే బోర్లించాడు. నిండా మెడల్స్. కలరా ఉండల వాసన, చెమ్మ వాసన, ఎవరెవరిదో పాత చెమట వాసన.

"ఇవి అమెరికా వాళ్ళవి కదయ్యా," అన్నాడు తాతయ్య.

"ఎవరు చూస్తారండీ. దూరం నుంచి మెరిస్తే చాలు."

అందులో ఒకటి గుండె ఆకారంలో ఉంది, ఊదారంగు, యుద్ధంలో గాయపడ్డవాళ్ళకీ పోయినవాళ్ళకీ ఇచ్చేది. తాతయ్య దాన్ని వెనక్కి తిప్పాడు. అక్కడ కొత్తగా గీకిన గీతలు తళతళలాడుతున్నాయి. ఇదేంటని అడిగితే అంకుల్ పెరుగన్నం కలుపుకుంటూ చెప్పాడు. "ఏదో పేరుందండీ. ఆకురాయి పెట్టి అరగదీశాను. ఎవడో పోయినవాడు, వాడికిప్పుడెందుకు." చెప్పి, అమ్మని ఇంకాస్త పెరుగు వేయమన్నాడు. నేను నా కంచం పక్కకి నెట్టేశాను. తాతయ్య మాత్రం ఆ గీతల మీద బొటనవేలు పెట్టి కూర్చున్నాడు. అంకుల్ భోజనం చేసి వెళ్ళేదాకా ఆ వేలు తీయలేదు.

ఆ తర్వాత నాన్న కిచెన్‌లో గొంతు తగ్గించి బతిమాలాడు. "ఒక్క పూట ఓర్చుకోండి నాన్నా. ఆయన సంతకం పెట్టకపోతే మనం రోడ్డున పడతాం. దీని చదువేం కావాలి?" తాతయ్య సింక్‌లో చేతులు కడుక్కుని, "సరేలేరా, వేసుకొస్తాను," అన్నాడు. అప్పుడు నాకు తాతయ్య మీద కూడా అసహ్యం వేసింది.

హాల్లో జెండా బొమ్మ వేసిన పెద్ద కేక్ పెట్టారు. పోయినవాళ్ళ పేర్లు చదవకముందే అంకుల్ ఒక ముక్క తిన్నాడు. మైకులో తాతయ్యని మహావీరుణ్ణి చేశాడు. ఆ మెడల్స్ బరువుకి తాతయ్య చొక్కా కిందకి జారుతోంది. అందరూ చప్పట్లు కొట్టారు. మేయర్ వంగి ఊదారంగు గుండెని చూసి, భుజం తట్టాడు.

తాతయ్య లేచి నన్ను పిలిచాడు. "అమ్మడూ, నేను చెప్పేది వాళ్ళకి ఇంగ్లీషులో చెప్పు. ఒక్క ముక్క కూడా మింగకు." తర్వాత ఒక్కో మెడల్ విప్పి, బల్ల మీద నెమ్మదిగా పెట్టడం మొదలుపెట్టాడు. ఇవి నావి కావు, నేను రోడ్డు వేసిన వాణ్ణి అన్నాడు. ఇవి మీ పిల్లలవి, ఎక్కడో కొట్లో దొరికాయి అన్నాడు. చివరికి ఊదా గుండెని అరచేతిలో పెట్టుకున్నాడు. దీని మీద ఒక పేరుండేది, మావాడొకడు అరగదీశాడు, ఆ కన్నతల్లికి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు, మీరే తీసుకోండి అన్నాడు. అన్నీ చెప్పాను. ఎవరు ఆ పని చేసిందీ తాతయ్య చెప్పలేదు, మేయర్ అడగలేదు. నేనే వేలెత్తి చూపించాను. ఆ వేలు చూపినందుకు నాకు ఈరోజుకీ చింత లేదు.

అంకుల్ నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. పళ్ళెంలో మిగిలిన కేక్ అక్కడే పెట్టేసి, పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు.

ముందు వరసలో ఒక నల్ల ముసలాయన కర్ర ఊతంతో లేచి వచ్చి, ఆ గుండెని తీసుకున్నాడు. వెనక్కి తిప్పి, తాతయ్య పెట్టిన చోటే తనూ బొటనవేలు పెట్టాడు. కాసేపటికి తన టోపీ తీసి లోపలివైపు చూపించాడు. అక్కడ ఒక ఇత్తడి గుండీ కుట్టి ఉంది. ఫ్రెంచి సైనికుడిదట, తన గుండీ అతనికిచ్చి ఇది తీసుకున్నాడట. తాతయ్య మొహం విచ్చుకుంది. జేబులోంచి జలగని తీసి ఆయన చేతిలో పెట్టాడు. నేను నియమం చెప్పాను. "ఇంత అసహ్యమైనది నా జన్మలో చూడలేదు," అంటూ ఆ పెద్దాయన నవ్వి, దాన్ని తాతయ్య చొక్కాకి పెట్టాడు.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. అంకుల్ సంతకం పెట్టలేదు. ఆ ఎండాకాలమే నాన్న ఉద్యోగం పోయింది. నార్త్ కరోలినాలో ఇంకో కంపెనీ వాళ్ళు దయతలిచేదాకా మేం సూట్‌కేసులు విప్పీ విప్పకుండా బతికాం. తాతయ్య ఇండియా తిరిగి వెళ్ళే రోజు నాన్న ఎయిర్‌పోర్ట్‌లో ఆయన సామాను మోశాడు గానీ, ఒక్క మాట మాట్లాడలేదు. తాతయ్య కూడా బతిమాలలేదు. బైబిల్లోంచి జలగని తీసి నా చేతిలో పెట్టి, లోపలికి వెళ్ళిపోయాడు. వాళ్ళిద్దరూ మళ్ళీ కలవలేదు. తాతయ్య చేసింది తప్పని నాన్న చివరిదాకా అన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

జలగ నా దగ్గరే ఉంది. నేనెప్పుడూ పెట్టుకోలేదు. నా వీపు మీది జలగని రాల్చిన పరాయివాడు ఎవడూ నాకు తగల్లేదు. ఊదా గుండెని ఆ హాల్లో అద్దాల పెట్టెలో పెట్టారు, కింద పేరు తెలియదని రాసి.

ఇప్పుడు మనవాళ్ళ సభల నిండా శాలువాలూ మెమెంటోలూ. తమ మెమెంటో తామే ఆర్డర్ చేసుకుని, ఎవరో ఒకరి చేత ఇప్పించుకుని ఫొటో దిగేవాళ్ళని చూస్తే ఆనాటి పెరుగన్నం గొంతుదాకా వస్తుంది. మొన్నొకసారి మా చర్చివాళ్ళు పెద్దదాన్నని నాకూ ఒకటి ఇవ్వబోయారు. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను దాన్ని వెనక్కి తిప్పి, బొటనవేలితో తడిమి చూశాను. నున్నగానే ఉంది, గీకిన గీతలేవీ లేవు. అప్పుడు తీసుకున్నాను.