విసరని బంతి

ఒహాయోలో ఏళ్ల తరబడి ఒకే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు బంతి విసిరిన క్వార్టర్‌బ్యాక్ వెండెల్ కార్బిన్, ఈ చలికాలం నుంచి కాఫీ కప్పు ఎడమ చేత్తోనే పట్టుకుంటున్నాడు. చొక్కా గుండీలు భార్య జూన్ పెడుతుంది. కొత్త ఒప్పందం మాట్లాడ్డానికి బయల్దేరిన రోజు ఆమె కోటు తొడుగుతూ, "భుజం సంగతి వాళ్లకి చెప్తావా?" అంది. "అడిగితే చెప్తాన్లే," అన్నాడు.

ఎవరూ అడగలేదు. అతని తరఫున బేరమాడే మార్వా, "ఒక్క డాలరు తగ్గినా పక్క జట్టుకి వెళ్లిపోతాడు," అని పట్టుబట్టింది. చివరికి జట్టు మేనేజరు హాలిస్ మెత్తబడ్డాడు. "సరేనమ్మా, రెండేళ్లకి నువ్వడిగినంతా ఇస్తాం," అంటూ బల్ల మీది బంతి తీసి వెండెల్ వైపు విసిరాడు. "ఏం ముసలోడా, ఇటు వెయ్యి, సంతకాలు పెట్టేద్దాం!"

వెండెల్ దాన్ని ఎడమ చేత్తో ఒడిసి పట్టుకున్నాడు. బంతి కుట్ల మీద బొటనవేలు రాస్తూ కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఆ చిన్న గదిలో బల్ల చుట్టూ నడిచి వెళ్లి, బంతిని హాలిస్ చేతిలో పెట్టాడు.

హాలిస్ ముఖంలో నవ్వు పోయింది. "ఎప్పట్నుంచిరా?" అని మెల్లగా అడిగాడు.

"మొదటి మంచు పడ్డప్పట్నుంచి."

మార్వా కలానికి మూత పెట్టింది.