అవ్వ మరిచిపోయిన పగ

నేను కిరాయికి ఉంటున్న ఇంటి మెట్ల గోడకు ఓనరు నిన్న సున్నం వేయించాడు. మహబూబ్‌నగర్‌లో నేను నర్సుగా పనిచేసే దవాఖానలో డ్యూటీ ముగించుకుని, కాళ్లు లాగుతుంటే ఒక్కో మెట్టూ ఎక్కుతూ వస్తున్న నాకు ఆ తడి సున్నం వాసన తగిలి, సగం మెట్ల మీదనే కూలబడ్డాను. నాకది ఎప్పటికీ డిసెంబరు నెల వాసనే. కట్టంగూర్ దగ్గరి మా ఊళ్లో పత్తి ఏరడం సగానికి వచ్చి, ఆడవాళ్ల వేళ్లు కాయల మొనలకు గీసుకుపోయి మండుతుండే ఆ రోజుల్లోనే మా వాడలోని పెంకుల చర్చికి సున్నం వేసేవాళ్లు. వెదురు బద్దలతో నక్షత్రం కట్టి ఎర్ర కాగితం అంటించేవాళ్లు. ఇంటింటా సకినాలు, గరిజెలు వేగుతుంటే, సున్నంతో తెల్లబడ్డ చేతులతోనే మేము పిల్లలం చర్చి మెట్ల మీద కచ్చకాయలు ఆడుకుంటుంటే, లోపల క్రిస్మస్ పాటలు నేర్చుకునేవాళ్ల గొంతుల మధ్యకు హైవే మీది లారీల మోత దూరిపోయేది.

నన్ను పెంచింది మా అమ్మమ్మ రత్నమ్మ. అవ్వా అనే పిలిచేదాన్ని. మా అమ్మ శాంత నన్ను కన్న రోజే చనిపోయింది. నాయిన మళ్లీ పెళ్లి చేసుకుని వేరే ఊరు వెళ్లిపోయాడు. అవ్వ, మామ, అత్త, వాళ్ల రెండు గదుల రేకుల ఇల్లే నా లోకం. అమ్మ ఎట్లుండేదని మామను అడిగితే లేచి బయటికి పోయేవాడు. అవ్వ మాత్రం ఒక్క సంగతే చెప్పేది, ఎన్నిసార్లు అడిగినా అదే. నొప్పులు మొదలైన పొద్దున అవ్వ తన తోడికోడలు, నాకు చిన్నవ్వ అయ్యే సారమ్మ ఇంటికి ఉరికిందట. వాడ మొత్తంలో ఆటో ఉన్నది సారమ్మ కొడుకు ఒక్కడికే. ఆటో చిట్యాలకు పోయిందని సారమ్మ గుమ్మంలోనే చెప్పేసిందట. అమ్మను మంచం మీద హైవే దాకా మోసుకుపోయి, ఎవరో దయతలచి ఆపిన లారీలో ఎక్కిస్తే, నేను దారిలోనే పుట్టాను. దవాఖాన చేరేసరికి అమ్మ లేదు.

ఆటో ఇంట్లోనే ఉండిందేమోనని అవ్వకు అనుమానం. ఆ అనుమానంతోనే పదేళ్లు సారమ్మతో మాట్లాడలేదు. ఇద్దరిదీ ఒకటే వాడ, ఒకటే చర్చి, ఆడవాళ్ల వైపు పరిచే చాపలూ ఒకటే. అవ్వ ముందు వరుసలో కూర్చుంటే సారమ్మ గోడవారన కూర్చునేది. నిజానికి అవ్వ భక్తి గల మనిషి. బస్సెక్కే ముందు కళ్లు మూసుకునేది, చేనులో మొదటి పత్తి తెంపే ముందు కళ్లు మూసుకునేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి చర్చి కోసమని వేరే కుండలో వేసేది. కానీ ప్రభువు నేర్పిన ప్రార్థన అందరూ కలిసి చెప్పేటప్పుడు, మేము ఇతరులను క్షమించినట్టే మమ్మల్ని క్షమించమని అడిగే చోట మాత్రం అవ్వ పెదవులు కదిలేవి కావు. పక్కనే కూర్చునే నేను అది కనిపెట్టి ఒకసారి అడిగాను.

"అవ్వా, గా మాట నువ్వెందుకనవ్?"

"నోట్లకెళ్లి ఎల్తలేదు బిడ్డా. దేవుని ముంగట అబద్ధమెట్ల జెప్పుదు?"

తెలంగాణ వచ్చిన ఏడాది నేను ఐదో తరగతిలో ఉన్నాను. ఆ ఏడే అవ్వకు మరుపు మొదలైంది. మొదట కూరలో ఉప్పు రెండుసార్లు పడేది. తర్వాత గుప్పెడు బియ్యం తీసిన సంగతి మరిచి మళ్లీ తీసేది, మళ్లీ తీసేది. చర్చి కుండ నిండిపోయి వండే గిన్నె ఖాళీ అయ్యేది, పత్తి చేను నుంచి నడుము విరిగి వచ్చిన అత్త ఆ గిన్నె చూసి తల పట్టుకునేది. అవ్వ నన్ను శాంతా అని పిలవసాగింది. బడి నుంచి రాగానే అవ్వను కనిపెట్టుకుని ఉండడం నా పనైంది. తోటి పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే చూస్తూ, అవ్వ కొంగు పట్టుకుని ఆమె ఎటు పోతే అటు నడిచేదాన్ని.

అట్లాగే ఒక సాయంత్రం ఆమె సూటిగా సారమ్మ ఇంటికి నడిచి అరుగు మీద కూర్చుంది.

"సారా, జర చాయ్ పెట్టవే. తల నొస్తాంది."

బియ్యం చెరుగుతున్న సారమ్మ చేతిలోంచి చాట జారిపోయింది. లోపలికి పోయి పొయ్యి ముట్టించింది. చాయ్ తెచ్చి అవ్వ చేతికిచ్చింది.

ఆనాటి నుంచి రోజూ అదే. ప్రార్థన ఫలించిందని చర్చిలో ఆడవాళ్లు చెప్పుకున్నారు. ఆదివారం అవ్వ ఆ మాటతో సహా ప్రార్థన అంతా గట్టిగా చెప్పింది. దాన్ని క్షమించడమంటారా, మరిచిపోవడమంటారా అన్నది నా చిన్న బుర్రకు అంతుబట్టలేదు. అవ్వ మాత్రం చాయ్ తాగి రోజూ ఒకటే అడిగేది: "శాంతను అత్తగారోళ్లు ఇంక తోలరాయె?"

"తోలుతరక్కా," అనేది సారమ్మ, నేల చూస్తూ.

ఎండాకాలం అంతా అట్లా గడిచింది. ఒకనాడు అవ్వ మళ్లీ అడిగితే సారమ్మ గ్లాసు పక్కకు పెట్టి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది.

"శాంత లేదక్కా. సచ్చిపోయింది. గా పొద్దు ఆటో ఇంటెనకనే ఉండె. కొత్త బండి, పాస్టరు ప్రార్థన జెయ్యకముందే నెత్తురు పడుతదని, నేనే లేదని జెప్పిన."

అవ్వ గుండె బాదుకుని ఏడ్చింది. బిడ్డ చావు కబురు అప్పుడే విన్నట్టు, అంత గట్టిగా. నేను అరుగు కొసన నిలబడి అంతా విన్నాను. చాలాసేపటికి అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మరి కడుపుల పిల్ల?"

సారమ్మ నా వైపు చెయ్యి చూపింది. "గిదే అక్కా."

అవ్వ నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసింది. "బక్కగుంది," అంది. "దీనికింత చాయ్ పొయ్యి, సారా."

మర్నాటికి అవ్వకు ఏమీ గుర్తులేదు. నాకు మాత్రం అంతా గుర్తుంది. ఇంకో మూడేళ్లు అవ్వ బతికింది. అత్త పనికి పోగానే సారమ్మ వచ్చి ఆమెకు నీళ్లు పోసేది, తల దువ్వేది, మంచంలోనే పాడైన బట్టలు మొహం చిట్లించకుండా ఉతికేది. సారమ్మ వాకిట్లోకి వస్తుంటే నేను వెనక తలుపు నుంచి వెళ్లిపోయేదాన్ని. అవ్వను మట్టిలో పెట్టిన రోజు ఆమె నన్ను పట్టుకుని ఏడవబోతే విడిపించుకున్నాను.

అవ్వకు మరుపు సాయం చేసింది. నాకు ఆ సాయం లేదు. పొద్దున క్షమించి డ్యూటీకి పోతే, ఎవరో గర్భిణిని స్ట్రెచర్ మీద తెచ్చిన గడియలో మళ్లీ మొదటికొస్తుంది. మళ్లీ మొదటి నుంచి క్షమించాలి. ఇన్నేళ్లయినా ఈ పని తెమలలేదు. ఒక్కోసారి చాలా అలసటగా ఉంటుంది.

మా ఊరి పెంకుల చర్చి ఇప్పుడు స్లాబు అయింది. నక్షత్రాలు దుకాణంలో దొరుకుతున్నాయి. వెదురు బద్దలు చీల్చే వాళ్లు లేరు. అత్త ఇప్పుడు గుప్పెడు బియ్యం తీయదు, సారమ్మ ఇంటి అరుగు సిమెంటు రోడ్డు కింద పోయింది. సారమ్మకు పోయిన వారం ఇక్కడ మహబూబ్‌నగర్‌లోనే, నేను పనిచేసే దవాఖానలో, కంటి ఆపరేషన్ అయింది. కొడుకు హైదరాబాద్‌లో బండి నడుపుతూ రాలేకపోయాడు. ఊరికి పోయి మళ్లీ చూపించుకోవడానికి రావడం కష్టమని, మామ చెప్పగా నా గదికే తెచ్చుకున్నాను. మందు వేయడం, అన్నం పెట్టడం తప్ప మా మధ్య మాటల్లేవు.

నిన్న మెట్ల మీద నుంచి లేచి లోపలికి వచ్చి, చేతులు కడుక్కుని, ఆమె కంట్లో చుక్కలు వేశాను. అట్లాగే మంచం పక్కన కూర్చుండిపోయాను.

"చిన్నవ్వా, మా అమ్మ ఎట్లుండేది?"

ఆమె కళ్లు మూసుకునే జవాబిచ్చింది.

"చర్చిల పాట ఎత్తుకోకముందే సప్పట్లు మొదలువెట్టేది బిడ్డా. అందరికన్న ముందుగాల. మీ అవ్వ తొడపాశం పెడితే ఇంకింత నవ్వేది."

ఇరవై ఏళ్లు దాటినా మా అమ్మ గురించి నాకు తెలిసింది ఆమె చావు ఒక్కటే.

"ఇంక?" అన్నాను.

మందు బయటికి కారకుండా దిండు మీద తల ఇంకాస్త వెనక్కి వాల్చి, చిన్నవ్వ చెప్పడం మొదలుపెట్టింది.