గుండ్రాల సారు

చంపాపేటలో ఆ సందు మొత్తానికి ఒకటే భయం: గుండ్రాల సారు. ఆయన గుమ్మంలో కనిపిస్తే చాలు, ఆడవాళ్ళు చేతిలోని మూత కొంగుచాటున దాచేసేవారు. అసలు పేరు సీతారాములు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ చిన్న బడికి డ్రాయింగ్ సారు. పిల్లలకు ఆయన నేర్పే విద్య ఒక్కటే. గుండ్రటి వస్తువును కాగితం మీద బోర్లించు, చుట్టూ పెన్సిల్ తిప్పు, తర్వాత దాన్ని నీ ఇష్టమొచ్చినట్టు మార్చుకో. గాజు గొంగళిపురుగయ్యేది, గిన్నె తాబేలయ్యేది, పళ్ళెం బతుకమ్మయ్యేది. ఏనుగునెట్లా గీస్తారని అడిగితే, దాని కడుపు గుండ్రమే కదా అనేవాడు.

ఒంటరి మనిషి. అండాలమ్మ ఇంటి మీది గదిలో కిరాయికుండేవాడు. ఆయనతో ఆమె పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. ఓసారి చపాతీల పీట ఎత్తుకుపోతే ఆమె కంచం బోర్లించి చపాతీలు వత్తుకుంది. ఇంకోసారి కుక్కర్ రబ్బరు పట్టుకుపోయాడు. కూత వేయని కుక్కర్ ముందు పాపం మధ్యాహ్నం దాకా కూర్చుంది. అయితే ఒక్క మాట చెప్పుకోవాలి, గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఆయన ఆనవాయితీ తప్పడు. ఖాళీది ఇవ్వకూడదని ఓ నిమ్మకాయైనా వేసిచ్చేవాడు.

ఆ రోజుల్లో అండాలమ్మ అసలు దిగులు వేరు. ఎదురు వాటాలో కిరాయికున్న వేదవతిది గుంటూరు వైపు. భర్త పోయాక అండాలమ్మకు పలకరింపంటూ ఉన్నది ఆ పిల్లతోనే. అటు నుంచి గోంగూర వచ్చేది, ఇటు నుంచి సర్వపిండి వెళ్ళేది. తెలంగాణ కోసం సమ్మె మొదలై, బస్సులు ఆగి, బడులు మూతపడ్డాక అండాలమ్మ గేటుకు జెండా కట్టింది. అది చూసి వేదవతి మెల్లగా అడిగింది. "అయితే మేము వెళ్ళిపోవాలా, పిన్నిగారూ?"

ఛ, అవేం మాటలు అని ఒక్క మాట అంటే సరిపోయేది. సందులో జనం చూస్తున్నారని అండాలమ్మకు నోరు పెగల్లేదు. వేదవతి తలుపు వేసుకుంది. మళ్ళీ తట్టడానికి ఈమెకు మొహం చెల్లలేదు. ఎల్‌బీ నగర్ వైపు నుంచి నినాదాలు వినిపిస్తుంటే ఈమె చెవి ఎదురు తలుపు చప్పుడు మీదే ఉండేది. అన్నం సయించేది కాదు. కొన్నాళ్ళకు వేదవతి సామాను కట్టుకుంటోందని తెలిసింది.

బడి లేని పిల్లలంతా బొమ్మలు గీసుకోవడానికి సారు గది మెట్ల మీద చేరడంతో ఆయనకు గుండ్రాల కరువొచ్చింది. ఆ రోజు అండాలమ్మ పళ్ళెం, వేదవతి పళ్ళెం రెండూ పట్టుకుపోయాడు. సాయంత్రం తెచ్చిచ్చిన దాని అంచు మీద వేదవతి పేరు చెక్కి ఉంది.

"గిది నాది కాదు సారూ."

"నాకన్నీ ఒక్క తీర్గనే కనపడ్తయమ్మా. జర మీరే మార్చుకోండ్రి," అని వెళ్ళిపోయాడు.

ఖాళీ పళ్ళెం ఎట్లా ఇస్తుంది? గొణుక్కుంటూనే సర్వపిండి కాల్చింది. తట్టబోయేలోగా ఎదురు తలుపు తెరుచుకుంది. వేదవతి చేతిలో అండాలమ్మ పళ్ళెం, పళ్ళెం నిండా గారెలు.

"ఆ దినం నాకు నోరు రాలే బిడ్డా. పోకు. నువ్వు పోతే నాకెవరున్నరు?"

వేదవతి కళ్ళు తుడుచుకుంది. "లోపలికి రండి పిన్నిగారూ, గారెలు చల్లారిపోతాయి."

సామాను మూటలు విప్పారు. సారు పొరపాటు మాత్రం ఆగలేదు, ఈ మూత అటూ ఆ గిన్నె ఇటూ తిరుగుతూనే ఉన్నాయి. ఓనాడు మెట్ల మీద ఒక పిల్ల గీసిన గీత చూసి, "ఇది పెంటమ్మోళ్ళ చాయ్‌పత్తి డబ్బ మూత," అని చెప్పేశాడాయన. విన్న అండాలమ్మ నిలబడిపోయింది. పెన్సిల్ గీతను బట్టి ఇల్లు చెప్పే మనిషికి చెక్కిన పేరు కనపడలేదా! ఆ వెంటనే మనసు కలుక్కుమంది. సారు గదిలో ఉన్నది ఒక్క నలుపలకల టిఫిన్ డబ్బా. దాన్ని అడగడానికి గానీ తిరిగివ్వడానికి గానీ ఇన్నేళ్ళలో ఆ మెట్లెక్కినవాళ్ళు లేరు.

మర్నాడు ఇద్దరాడవాళ్ళూ ఓ పెద్ద స్టీలు పళ్ళెం కొని, సీతారాములు అని చెక్కించి ఆయన చేతిలో పెట్టారు. సారు దాన్ని తిప్పి తిప్పి చూసుకుని మురిసిపోయాడు. వారం తిరక్కుండానే అండాలమ్మ మెట్లెక్కింది.

"గుండ్రటిదేమన్న ఉన్నదా సారూ?"

పళ్ళెం పట్టుకుపోయింది. సాయంత్రం ఓ బెల్లం ముక్క వేసి తెచ్చిచ్చింది. సారు అంచు చూశాడు.

"ఇది వేదవతమ్మది గదా."

"నాకన్నీ ఒక్క తీర్గనే కనపడ్తయి. మీది ఆమె ఇంట్ల ఉన్నట్టుంది, జర మీరే పోయి మార్చుకోండ్రి. గారెల పిండి రుబ్బుతున్నది."

సారు బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు. ఖాళీ పళ్ళెంతో పోతే ఏం బాగుంటుందని, నిమ్మకాయ కోసం గదంతా వెతకడం మొదలుపెట్టాడు.