రాజారత్నం కంపోస్టు, సిద్ధమ్మ విత్తనం

పలమనేరు పక్క పల్లెలో రాజారత్నానికి చేసే పని కంటే చెప్పే పని ఎక్కువ. ఫోనులో రెండు వీడియోలు చూస్తే, మూడోది తానే తీయగలననుకునే రకం. ఆ వేసవిలో ఆయన జ్ఞానం కంపోస్టు మీద పడింది. ధర లేక రైతులు రోడ్డు పక్కన పారబోసిన టమోటాలు ట్రాక్టరుకెత్తి తెచ్చి, కానుగాకు, ఎండుగడ్డి కలిపి గుంతలో పోశాడు. ఊరంతా ముక్కు మూసుకుంటే, అది భూమికి బలమిచ్చే వాసన అన్నాడు.

తల్లి సిద్ధమ్మ దగ్గర పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఎర్ర వేరుశనగ విత్తనం ఉంది. అంగట్లో దొరికేది కాదు. ఏటా వేసి, ఏటా ఎత్తిపెట్టుకోవాలి. ఒక్క ఏడాది తప్పిందా, పాత గింజ మొలవదు, ఆ విత్తనం అంతటితో సరి. ఆ ఏడు మూట మొత్తం కొడుకు చేతిలో పెట్టింది.

"గుంతలోది ఇంకా మాగలేదురా. రొంత ఆగు," అందామె.

"మాగేదేముండాదిమా? సూస్తా ఉండు, కాయ రెండింతలు కాస్తాది," అని వాన పడగానే పచ్చి ఎరువే చేనికి తోలి, మూటంతా విత్తాడు.

మొలిచింది. వేరుశనగతో పాటు చేనంతా టమోటా కూడా మొలిచింది. సరిగా మాగని ఎరువులో గింజ చావదని వీడియోలో చెప్పలేదో, చెప్పేటప్పుడు ఈయన ముందుకు జరిపేశాడో! ఇంకో ఊరివాడైతే కలుపని పీకేసేవాడు. పలమనేరు వైపు మనిషికి టమోటా మొక్క పీకడానికి చెయ్యి రాదు. ధర ఎప్పుడు లేస్తుందో ఎవరికి తెలుసు?

"పీకేయిరా, చెనక్కాయ నీడకు సస్తాది," అని సిద్ధమ్మ రోజూ మొత్తుకుంది.

"ఊరికే వచ్చిన పంటమా, ఉండనీ."

పైగా కర్రలు నాటి, తాళ్లు కట్టి సేవ చేశాడు. దారిన పోయేవాళ్లను ఆపి ఒకే చేనిలో రెండు పంటల గురించి ఉపన్యాసమిచ్చాడు. పక్క చేను ఢిల్లీబాబు, "నీ మాదిరి తెలివి మాకు యాడుండాదిలే అబ్బా," అంటే మెచ్చుకోలనుకుని మురిసిపోయాడు.

టమోటాకు మచ్చతెగులొచ్చింది. దాని నీడలో వేరుశనగ పాలిపోయి సాగింది. పీకి చూస్తే అన్నీ గింజ పట్టని తాలుకాయలే.

"వానలు సరిగా పడలేదు," అన్నాడు రాజారత్నం. ఆకాశం ఎదురు మాట్లాడదు కదా.

సిద్ధమ్మ పీకిన చెట్ల మధ్య కూర్చుని జరుగుతూ, ఒక్కో కాయనూ వేళ్లతో నొక్కి చూసింది. పొద్దుగూకేసరికి పిడికెడు గట్టి కాయలు తేలాయి. కొంగున ముడేసుకుంది.

"ఏందిమా అది?"

"ఏం లేదులే నాయనా."

ఆమె ఏనాడూ కొడుకుతో అబద్ధమాడిన మనిషి కాదు. రాజారత్నం దగ్గరకొచ్చి, "ఈ తూరి జాగర్తగా ఏస్తానుమా," అంటూ చెయ్యి చాపాడు.

సిద్ధమ్మ ఆ ముడిని నడుము దగ్గర దోపుకుని, ఇంటి దారి పట్టింది.