విప్పి చూడని సంచులు

మా కింది వాటాలో అద్దెకుండే బ్యాంకు ఉద్యోగి మొన్న ఆదివారం పొద్దున్నే ఫోను పట్టుకుని పైకి వచ్చాడు. మైలవరం దగ్గర ఎవరో మామిడితోటలో షెడ్డు వేసుకుని, పాత కారొకటి విప్పి బాగుచేయడం మొదలుపెట్టి, సగంలో విసుగొచ్చి అమ్మేస్తున్నారట. ఈయనకేమో పాత కార్ల పిచ్చి. సరైన ధరెంతో చెప్పమని వందకు పైగా ఫొటోలు చూపించాడు. ఇంజనూ తలుపులూ చూసినంతసేపూ బాగానే ఉన్నాను గానీ, చివర్లో దుప్పటి మీద బోల్టులూ తలుపు బందులూ వరసగా పరిచి తీసిన ఫొటో ఒకటి వచ్చేసరికి కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, సాయంత్రం చెప్తాలెండి అని ఆయన్ని పంపించేశాను.

మా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆటోనగర్లో ఒకప్పుడు పాత బండి అమ్మకమంటే అమ్మేవాడూ కొనేవాడూ కలిసి ఒక మనిషిని ఎంచుకునేవారు. ఆ మనిషి బండి చుట్టూ తిరిగి, చూడాల్సినవన్నీ చూసి, ధర ఒక్కసారే చెప్పేవాడు. చెప్పాక ఇక బేరం ఉండదు. అటు పది తగ్గించమనీ ఇటు పది పెంచమనీ అడగడం ఆ మనిషిని అవమానించడమే. స్పేర్ పార్టుల కొట్టు పెట్టుకున్న నన్ను చాలా ఏళ్ళపాటు అలా పిలిచేవారు. చెప్పుకోకూడదు గానీ, లారీ దగ్గర్నుంచి లూనా దాకా నేను చెప్పిన ధరకి ఎవరూ ఎదురు చెప్పలేదు, దానికి నేను కాస్త మురిసిపోయేవాణ్ణి కూడాను.

మా కొట్టు వెనకే ఒక టింకరింగ్ మేస్త్రి ఉండేవాడు. సొట్టలు పడ్డ రేకుని సుత్తితో తట్టి కొత్తదానిలా చేయడంలో ఆయనకి సాటి లేదు. రోజంతా ఊళ్ళోవాళ్ళ బండ్లకి తట్టి, మిగిలిన కాస్త పొద్దులో తన సొంతానికి కొనుక్కున్న పాత ల్యాండ్‌మాస్టర్ కారు మీద పని చేసేవాడు. దాన్ని పూర్తిగా విప్పేశాడు. విప్పిన ప్రతి స్క్రూ, ప్రతి బందూ ఏ చోటుదో మర్చిపోకుండా, ఆయన భార్య గుడ్డముక్కలతో చిన్నచిన్న సంచులు కుట్టి ఇస్తే, వాటిలో వేసి చీటీ కట్టి లోపలి గదిలో దాచుకునేవాడు. ఎడమ వెనక తలుపు, పై బందు. ముందు అద్దం, కింది రబ్బరు. అలా ఉండేవి ఆ చీటీలు. వచ్చే రంజాన్ నాటికి అందులో భార్యనీ కూతుర్నీ ఎక్కించి బందరు తీసుకెళ్తానని ప్రతి ఏడూ అంటుండేవాడు, పాపం. గుండెపోటుతో పోయేనాటికి ఆ కారు ఇటుకల మీదే ఉంది.

నాలుగు నెలలకి మేస్త్రి భార్య నాకు కబురు పంపింది. కారు అమ్మేసి రెండు కుట్టు మిషన్లు కొనుక్కుని, తనూ చెల్లెలూ కలిసి వన్‌టౌన్లో చిన్న కొట్టు తెరవాలని ఆలోచన. కొనడానికి ముందుకొచ్చినవాడు మా బావమరిది. మధ్యలో నేను ఉండటం బాగోదని మాటవరసకి అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"మీ బావమరిదైతే ఏమైందండీ అన్నయ్యగారూ? మీ మాట మీద మా ఆయనకెంత గురో నాకు తెలీదా?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సగం పనిలో ఆగిన కారుకి రెండు ధరలుంటాయి. విప్పినవన్నీ పోకుండా ఉంటే అది కారు, ఏవి ఉన్నాయో ఏవి పోయాయో తెలియకపోతే అది పాత ఇనుము. అందుకే పైరేకు కాదు, ముందు సంచులు విప్పి చూడాలని పదిమందికి చెప్పినవాణ్ణి నేను. ఆ రోజు స్కూటరు మీద వెళ్తుంటే మా బావమరిది వెనక నుంచి మెల్లగా, "మరీ ఎక్కువ చెప్పకు బావా, నీ చేతిలో పనేగా" అన్నాడు. కొట్టు పెట్టిన కొత్తల్లో వాడు నన్ను ఆదుకున్నాడు. వాడు ఆ మాట ఎత్తలేదు గానీ నేను మర్చిపోలేదు.

కారు చుట్టూ తిరిగాను. ఆవిడ గది తలుపు తీసి, సంచులు లోపలున్నాయి చూడండి అంది. అక్కర్లేదమ్మా, తెలుసుగా అన్నాను. తెలిసే చూడలేదు. చూస్తే నలభై వేలు చెప్పాలి, చూడకపోతే చూసినంతకే చెప్పానని నాకు నేను సర్దిచెప్పుకోవచ్చు. పద్దెనిమిది వేలు అన్నాను. ఆవిడ మొహం ఒక్క క్షణం పాలిపోయింది, అంతే. కాఫీ పెట్టి ఇచ్చింది. కారుతోపాటు ఆ సంచులన్నీ, అవి లేకపోతే ఆయన చేసిన పనంతా వృథా అవుతుందని, అడక్కుండానే మూట కట్టి ఇచ్చేసింది. ధర చెప్పిన మనిషికి గుడ్డ పెట్టడం మర్యాద కదా, మేస్త్రి పండక్కని కొనుక్కుని కుట్టించుకోకుండానే వదిలిపోయిన షర్టుగుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది. సిగ్గులేకుండా పుచ్చుకున్నాను.

చీటీలు చూసుకుంటూ మా బావమరిది ఆరు నెలల్లో కారు రోడ్డెక్కించాడు. వాడి కూతురి పెళ్ళి ఊరేగింపుకి అదే పెట్టారు. నన్ను ముందు సీట్లో కూర్చోమంటే తలనొప్పి అని నడిచి వచ్చాను. ఆవిడ అప్పులు తీర్చగా మిగిలినదాంతో ఒక్క మిషను కొనుక్కుని వరండాలో చీరలకి ఫాల్స్ కుట్టుకునేది, కొట్టు తెరవలేదు. నేను తగ్గించి చెప్పిన ఆ ఇరవైరెండు వేలూ నేనే తీసుకెళ్ళి ఇద్దామని రెండుసార్లు వాళ్ళ వీధి మొదటిదాకా వెళ్ళాను. ఇస్తే ఎందుకని అడుగుతుంది. దానికి జవాబు చెప్పే ధైర్యం లేక వెనక్కి వచ్చేశాను.

కొన్నేళ్ళకి ఆవిడ బందరు బస్సులో కనబడింది. కిక్కిరిసిన బస్సులో లేచి నాకు సీటిచ్చి, పక్కనున్న కూతురితో, "ఈ పెద్దాయన ఉండబట్టే అమ్మా, ఆ రోజు మనల్ని ఎవరూ మోసం చెయ్యలా" అంది. పామర్రు దాకా ఆ సీట్లో ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చుని, నేను దిగాల్సిన ఊరు కాకపోయినా దిగిపోయాను. తర్వాత వాళ్ళు ఇల్లు మారారని విన్నాను. ఎక్కడికో కనుక్కోలేదు. కనుక్కోలేక కాదు. ఆ షర్టుగుడ్డ ఇప్పటికీ బీరువా అడుగున మడత విప్పకుండా ఉంది, ఎక్కడిదని మా ఆవిడ అడిగితే ఏదో చెప్పాను.

బ్యాంకు ఉద్యోగితో కలిసి నిన్న మైలవరం వెళ్ళొచ్చాను. ఫొటోలు చూశారుగా అంకుల్, మళ్ళీ ఎందుకండీ అని ఆయన అంటూనే ఉన్నాడు, నేను మాత్రం ఒక్కో డబ్బా బోర్లించి ఒక్కో స్క్రూ చూశాను. ఈ రోజుల్లో ఎవరూ ఎవరి మాటా నమ్మరు, అన్నీ ఫొటోలు తీసి చూపించాల్సిందే, మన కాలంలో నోటిమాటే పత్రం అని ఆటోనగర్ స్నేహితులు కలిసినప్పుడల్లా బెంగపడతారు. నిజమే, ఆ కాలం పోయింది. నేను మాత్రం వాళ్ళతో మాట కలపలేను. మేస్త్రి భార్య ఆ రోజు నన్ను నమ్మకుండా, దుప్పటి పరిచి సంచులన్నీ నా కళ్ళముందు కుమ్మరించి ఉంటే, ఆ రెండో మిషను కూడా కొనుక్కునేది.