ఎత్తలేని ఇల్లు

ఫోను మీద తమ్ముడి పేరే పడింది. తీస్తే వేరే గొంతు.

"అమ్మా, ఈ బాబుకి మీరేటవుతారు?" అన్నాడు బస్సు కండక్టరు.

అక్కనని చెప్పాను. పాడేరు నుంచి అరకు వస్తున్న బస్సులో, కిటికీకి తల ఆన్చి కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెళ్లిపోయాడట. ఫోను పెట్టేసి దేవుడి ముందు కూర్చున్నాను. ఏమడగాలో తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే తమ్ముడు ఫోను చేశాడు. అక్కని మా వైపు అప్ప అంటాం. "అప్పా, ఒప్పుకున్నారు. బేగొచ్చేత్తాను. నెత్తళ్లు ఏపి ఉంచు." వేపిన నెత్తళ్ల చేపలు గిన్నెలో అలాగే ఉండిపోయాయి.

ఎవరు ఒప్పుకున్నారో, దేనికో చెప్పాలంటే మేము పుట్టిన ఊరి నుంచి మొదలుపెట్టాలి. అది సముద్రం ఒడ్డు. అన్నీ తాటాకు ఇళ్లు. కెరటం ముందుకొచ్చిన ఏడాది మగవాళ్లంతా కలిసి గుంజలు పీకి, కప్పును భుజాలకెత్తుకుని, వెనక్కి తెచ్చి నిలబెట్టేవారు. ఆ రోజు వీధికంతా ఒకే పొయ్యి. పిల్లలకి పండగ.

తర్వాత డాబాలొచ్చాయి. మా నాన్న అందరికంటే ముందు కట్టాడు. సముద్రం కనబడాలని అందరికంటే ముందుకి కట్టాడు. ఒడ్డుకి దగ్గర్లో కట్టరాదని పంచాయతీ బోర్డు ఉండేది. ఆ బోర్డు పక్కనే ఇటుక దించారు, ఎవరూ వద్దనలేదు. ఒక తుఫానుకి పునాది కింద ఇసుక జారిపోయింది. ముందు అమ్మ వంటగది పోయింది. చెల్లెళ్లు అప్పటికి చంటివాళ్లు. తమ్ముడు నా చెయ్యి పట్టుకుని, "అప్పా, దీన్ని ఎత్తరేటి?" అన్నాడు. ఎవరెత్తుతారు డాబాని!

నేను మాస్టారిని పెళ్లాడి అరకు కొండలెక్కాను. ఏళ్లు గడిచాక తమ్ముడు మా పంచాయతీకే కార్యదర్శిగా వచ్చాడు. ఇక్కడ సముద్రం లేదు, గెడ్డ ఉంది. కొండవాగుని మేము గెడ్డ అంటాం. ఎండల్లో చీలమండ తడవదు. వానల్లో ఒడ్డుని కొరుక్కు తింటుంది. సాయంత్రం ఆఫీసు అవగానే తమ్ముడు చెప్పులు విడిచి ఒడ్డు వెంట నడిచేవాడు. మడమతో నేల తట్టి చూసేవాడు. అమ్మ నేర్పిన పనే అది. బోలుగా మోగితే వెనక్కి రావాలి. ఒక్కోసారి కళ్లు మూసుకుని నిలబడేవాడు. "సప్పుడు మనూరిదే అప్పా. వాసనే నేదు."

చూడ్డానికొచ్చే జనం పెరిగాక ఒడ్డు మీద మొదట పాకలు లేచాయి, తర్వాత గుడారాలు. ఆ తర్వాత సిమెంటు కాటేజీలకి ముగ్గు పోశారు. తమ్ముడు ఊరి ముసలివాళ్లను వెంటబెట్టుకుని, గెడ్డ మునుపు ఎక్కడిదాకా వచ్చిందో వాళ్లు చూపించిన చోటల్లా కర్రలు పాతించాడు. గ్రామసభ పెట్టించి ఒకే మాట ముందుంచాడు: కర్రలకి దిగువన, ఎత్తి మోసుకుపోగలిగిందే ఉండాలి.

బొంగు చికెన్ అమ్మే ఆమె కొంగు బిగించి లేచింది. "అంటే మా పాక పీకేత్తావేటి బాబూ?"

"పీకను. మోత్తే లేత్తాదా, నేదా? అది సెప్పు."

"నాను, మా తోడికోడలు సాలు. మా ఆయన్ని కూకోబెట్టి మరీ మోసేత్తాం."

సభంతా నవ్వింది. కాటేజీల తాలూకు మనిషి పట్నం నుంచి వచ్చాడు. ఆయన నవ్వలేదు. "సార్, మావి పర్యావరణానికి హాని చెయ్యని కాటేజీలు" అన్నాడు.

"మంచిదే బాబూ. ఒకటి ఎత్తి చూపించండి."

"ఇల్లు ఎత్తడమేంటండీ?"

"మా నాన్నా అదే అన్నాడు" అన్నాడు తమ్ముడు, మెల్లగా.

సభ తీర్మానం చేసింది. కానీ పైనుంచి ఫోన్లు మొదలయ్యాయి. చివరికి పాడేరు రమ్మన్నారు. పై ఆఫీసు తీర్మానాన్ని పక్కన పెడితే కాటేజీలు లేస్తాయి. వాటిని చూసి, వంట చేసి అమ్ముకునే కుటుంబాలూ ఒడ్డునే సిమెంటు ఇళ్లు కట్టుకుంటాయి. తమ్ముడికి నిద్ర లేనిది అందుకే. వెళ్లే ముందు గుమ్మంలో నిలబడి, "నువ్వు దేవుడికి సెప్పు, నాను ఆఫీసర్లకి సెప్తాను. ఎవులు ముందింటారో సూద్దాం" అన్నాడు. ఆఫీసర్లు విన్నారు. తీర్మానం నిలబడింది.

దేవుడి మీద నాకు కోపం లేదు. దీపం రోజూ వెలుగుతోంది. కానీ మా ఊరు ఇప్పుడు నీళ్ల కింద ఉంది. ఆ వీధిలో ఎవరి ఇంటి పక్కన ఎవరిదో, కప్పు మోసిన రోజు ఎవరు ముందు నడిచారో అమ్మా నాన్నా పోయాక నాతో కలిసి గుర్తుంచుకున్నవాడు తనొక్కడే. ఇక ఒక్కదాన్నే గుర్తుంచుకోవాలి. పక్కింటి తాత పేరు మొన్న ఎంతకీ గుర్తు రాలేదు. అడగడానికి తను లేడు.

తమ్ముడు పోయాక మొదటి పెద్దవాన కురిసింది. తెల్లారి గొడుగు వేసుకుని గెడ్డకి వెళ్లాను. ఆడవాళ్లు ముందే పాకలు పైకి చేర్చేసుకున్నారు. పొయ్యిలు కూడా వెలిగాయి, తడికట్టెల పొగ గట్టు మీద పరుచుకుంది. ఎవరూ పరుగెత్తడం లేదు. కింద కాటేజీలు రావలసిన నేల మీదికి గెడ్డ ఎర్రగా ఎక్కి వచ్చింది. అక్కడ దానికి అడ్డేమీ లేదు. నీళ్లు చుట్టూ తిరిగి చూసి, గడ్డిని పడుకోబెట్టి, చాలాసేపు అలా నిలిచాయి.