బూడిదలో ఉంచని అతుకు

ముప్పై ఏళ్ళకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. సరిగ్గా చెప్పాలంటే రెండు. మొదటిది ఒక మనిషి చేతులను పాడుచేసింది. రెండోది అంతకంటే చెడ్డది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు, నా మొహం చూడరు, అందుకే మీకు చెప్పడం కొంచెం సులువు.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. హిందూపురంలో ఒక వేరుశనగ నూనె మిల్లులో వెల్డింగ్ పని చేసేవాణ్ణి. బాయిలర్ నుంచి ఆవిరి తీసుకెళ్ళే గొట్టం పాడైంది. కొత్తది దొరికే కాలం కాదు కదా, బెంగళూరు తుక్కులోంచి ఒకటి తెచ్చారు. అది మామూలు ఇనుము కాదు, వేరే లోహాలు కలిపిన ఉక్కు. మా మేస్త్రీ దాన్ని చూడగానే నాకొక హద్దు చెప్పాడు. వెల్డింగ్ అయ్యాక అతుకు మీద ఆకురాయితో రుద్దాలి. రెండు రుద్దులకు గీత పడితే సరే. జారిపోతే అక్కడ ఉక్కు హద్దు మీరి గట్టిపడిందని అర్థం.

గట్టిగా ఉంటే మంచిదేగా అని మీకు అనిపించవచ్చు. మొదట నాకూ అలాగే అనిపించింది. పాకం ముదిరిన బెల్లం అచ్చు కూడా గట్టిగానే ఉంటుంది, కానీ పెటుక్కున విరుగుతుంది. అందుకే అతుకును మళ్ళీ ఎర్రగా కాల్చి, వేరుశనగ పొట్టు బూడిదలో పూడ్చి, మరునాటి దాకా ముట్టుకోకూడదన్నాడు మేస్త్రీ. మా బాయిలర్‌లో మండేదే ఆ పొట్టు. బూడిదకు కొదవ లేదు. కొదవంతా నా ఓపికకే.

నేను గొట్టం అతికించిన రోజు మేస్త్రీ జ్వరంతో గోరంట్లలో పడి ఉన్నాడు. ఆ సాయంత్రం పెనుకొండలో నాటకం. హార్మోనియం నాది. నేను లేకపోతే పద్యాలు ఆగిపోతాయని నా నమ్మకం. మధ్యాహ్నం రైలు అందాలంటే గొట్టం అప్పుడే చల్లారాలి. గంటకే బూడిదలోంచి లాగి నీళ్ళు పోశాను. అతుకు మీద ఆకురాయి పెడితే కీచుమని జారింది. మళ్ళీ రుద్దాను. మళ్ళీ జారింది.

అప్పుడు నేనేం చేశానో చెప్పాలి. అతుకుకు బెత్తెడు పక్కన, వేడి తగలని చోట రుద్దాను. అక్కడ ఉక్కు మెత్తగానే ఉంది, గీతలు తళతళా పడ్డాయి. బాయిలర్ చూసే ఓబులేసన్న వచ్చి ఆకురాయి పట్టిందా అని అడిగితే ఆ గీతలు చూపించాను. ఆయన నా మాట నమ్మి గొట్టం బిగించుకున్నాడు. నాకు రైలు అందింది. నాటకం బాగా జరిగింది కూడా.

మూడో రోజు అతుకు వెంబడే గొట్టం పగిలింది. ఆవిరిలోకే దూరి ఓబులేసన్న రెండు చేతులతో ఆవిరిని ఆపే చక్రం తిప్పి మూసేశాడు. మిల్లులో పదిమంది బతికారు. ఆయన రెండు చేతులూ మోచేతుల దాకా ఉడికిపోయాయి. విచారణకు మనుషులు వచ్చేలోపల పగిలిన ముక్కను నేనే తీసుకెళ్ళి పాడుబావిలో వేశాను. ముక్క లేదు కాబట్టి మనిషి కావాల్సి వచ్చింది. దొరికినవాడే దొంగ. ఆవిరి ఒత్తిడి చూపే సూదిని ఎర్రగీత దాటనిచ్చాడని రాసి, ఓబులేసన్నను పనిలోంచి తీసేశారు. నేను నోరు విప్పలేదు. భయమా? భయమే. ఇంకో పేరు పెట్టి దాన్ని పెద్దది చేయను.

రెండేళ్ళకు ఓబులేసన్న ఉంటున్న ధర్మవరం వెళ్ళాను. నిజం చెప్పేద్దామనే వెళ్ళాను, కనీసం రైలెక్కేటప్పుడు అలాగే అనుకున్నాను. ఆయన భార్య పట్టునూలు చుడుతోంది. కాలిన చర్మం గరుకుగా తగిలి పట్టుపోగు తెగుతుందని ఆయన్ను నూలు ముట్టనివ్వరు. ఊరంతా మగ్గాలు ఆడుతుంటే ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు. అది నేను తట్టుకోలేకపోయాను.

"ఏమప్పా, నిన్నొకటి అడగల్ల," అన్నాడు. "సూది ఎర్రగీతకు ఈపక్కనే ఉండాదని ఆపొద్దు అందరికీ చెప్తి. ఇప్పుడు నాకే అనుమానం వస్తాండాది. ఆపక్కకు పోయిండేదేమో, నేనే సరిగ్గా సూసుకోల్యేదేమో."

నిజం నోటిదాకా వచ్చింది. అంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. నేనేమన్నానో తెలుసా?

"పొగలో కనపడుండదులేన్నా."

ఆయన చాలాసేపు తల ఊపాడు. "అంతే అయ్యుంటాది. నా కండ్లే మోసం చేసినాయి," అన్నాడు. నా మీద కోపం తెచ్చుకునే హక్కున్న ఒకే ఒక్క మనిషి, నా ఎదురుగానే తన మీద తాను కోపం తెచ్చుకున్నాడు. నాకు లోపలెక్కడో హాయిగా కూడా అనిపించింది. ఆ హాయిని తలుచుకుంటే ఇప్పటికీ అసహ్యమేస్తుంది.

నన్ను స్టేషన్ దాకా సాగనంపాడు. ప్లాట్‌ఫారం మీద పెద్ద గడియారం ఉంది. తలెత్తి దాన్ని చూశాడు. కాసేపు ఆలోచించి, పక్కనున్న ఎవరో మనిషిని టైమెంతైందని అడిగాడు. ఆ మనిషి చెప్పాక గానీ నమ్మలేదు.

ఓబులేసన్న ఇప్పుడు లేడు. ఆయనకు చెప్పాల్సిన మాట మీకు చెబితే చెల్లుతుందా? చెల్లదు, నాకు తెలుసు. అయినా రాయకపోతే ఊపిరాడేలా లేదు. గొట్టం పగలడానికి కాసేపటి ముందు నేను బాయిలర్ ముందునుంచే వెళ్ళాను. పొగేమీ లేదు. సూది ఎర్రగీతకు బాగా ఈవలే ఉంది. నేనూ చూశాను.